రెండు నాళాల బిడ్డ

పది దాటి ఐదు నిమిషాలకు గడియారమ్మ స్కానింగ్ సెంటర్‌లో అడుగుపెట్టేసరికే ఇన్‌స్పెక్టర్ వచ్చేసి, డాక్టరు గారి ఎదురు కుర్చీలో కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నాడు.

"రండమ్మా, రండి," అన్నాడు లేవకుండానే. "కాస్త ఆలస్యమైంది. మొగుడు లాకప్‌లో ఉన్నాడు. ఒప్పుకోవడమొక్కటే తరువాయి. ఇక మీరొచ్చి చేసేదేముంది? నా వాచీకి బ్యాటరీ మారుస్తారా?"

గడియారమ్మ అతని మణికట్టు వైపు చూసింది. "మీ వాచీ నాలుగు నిమిషాలు ముందు నడుస్తోంది ఇన్‌స్పెక్టర్ గారూ. అందుకే కాబోలు మనిషిని లోపలెయ్యడానికి అంత తొందరపడ్డారు."

డాక్టరు గారు నవ్వాపుకున్నారు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు.

ఆమెకా పేరు ఊరికే రాలేదు. తండ్రి పెట్టిన వాచీ రిపేరు కొట్లో ముప్పై ఏళ్ళు కూర్చుంది. ఒకసారి పోలీసులు చనిపోయిన మనిషి చేతి గడియారం తెచ్చి ఎప్పుడాగిందో చెప్పమంటే, ఎప్పుడాగిందో చెప్పి, ఎవరు ఆపారో కూడా చెప్పింది. అప్పటి నుంచి కొట్టుకు గడియారాలకన్నా మనుషుల చిక్కులే ఎక్కువగా వస్తున్నాయి. ఇప్పుడామెకు యాభై నాలుగేళ్ళు. చేతిసంచీలో భూతద్దం, ఒక నోటు పుస్తకం, దగ్గుబిళ్ళలు తప్ప ఇంకేమీ ఉండవు.

ఈ చిక్కు తెచ్చిన మనిషి బయట బెంచీ మీద కూర్చుని ఉంది. బట్టలు కుట్టే పెద్దావిడ. ఆమె కోడలు బడిలో లెక్కల టీచరు, నిండు గర్భిణి, ముప్పై ఆరో వారం. సోమవారం ఇక్కడికి స్కానింగ్‌కి వచ్చి మాయమైంది. ఈరోజు బుధవారం. "నా కొడుకు బస్సుల షెడ్డులో మెకానిక్కమ్మా. పెళ్ళాం గట్టిగా తుమ్మితే బెదిరిపోయే రకం. వాడేం చేస్తాడు?" అని పొద్దున్నే గడియారమ్మ చేతులు పట్టుకుంది. కోడలి బడి సంచీ కూడా తెచ్చి ఇచ్చింది.

గడియారమ్మ నోటు పుస్తకం తీసింది. "ఒక్కసారి టైములు చెప్పండి డాక్టరు గారూ."

"పోలీసులకు చెప్పిందే," అన్నారాయన ఓపిగ్గా. యాభై దాటిన మనిషి, మెత్తని గొంతు. "పదకొండూ పదికి లోపలికొచ్చింది. నేనే స్కాన్ చేశాను. పదకొండున్నరకు వెళ్ళిపోయింది. బిడ్డ తల కిందికి తిరిగింది, మాయ పైన ఉంది, అంతా బాగుందని చెప్పాను. నవ్వుతూ వెళ్ళింది పాపం." సోమవారం నాటి రిపోర్టు కాపీ ఆమె ముందుకు జరిపారు.

"ఆమె బయటికెళ్ళడం ఎవరు చూశారు?"

"రిసెప్షన్ అమ్మాయి చూడలేదంటోంది. ఆ పిల్ల ఫోనులోంచి తలెత్తితేగా!"

ఇన్‌స్పెక్టర్ కప్పు కింద పెట్టాడు. "మొగుడేమో పన్నెండింటికి తీసుకెళ్ళడానికి వచ్చాననీ, అప్పటికే లేదనీ అంటాడు. ఆదివారం సాయంత్రం వాళ్ళింట్లో పెద్ద గొడవ. పక్కింటివాళ్ళు విన్నారు. ఇంకేం కావాలి?"

"గొడవ దేని గురించో విన్నారా?"

"మొగుడూపెళ్ళాల గొడవకి కారణం కూడా కావాలా?"

"నాకు కావాలి," అంది గడియారమ్మ. "స్కానింగ్ గది చూడొచ్చా?"

"చూసుకోండి. కడుపులో ఉన్నవాళ్ళు కనిపిస్తారక్కడ. పారిపోయినవాళ్ళు కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

స్కానింగ్ గది చిన్నది, చల్లగా, మసకగా ఉంది. ఒక మంచం, మెషీను, గోడవార బల్ల మీద కంప్యూటరు. వెనకవైపు ఒక తలుపు. తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్న టెక్నీషియన్ ఆమెను చూసి లేచి నిలబడింది. ఇరవై ఏళ్ళుగా అదే పని చేస్తోంది. కడుపు మీద చల్లని జెల్లీ రాసేది ఆమే కాబట్టి వచ్చినవాళ్ళందరికీ ఆమె జెల్లీ అక్క.

"సోమవారం పదకొండూ పదికి ఎక్కడున్నావమ్మా?"

"టీ తాగడానికి వెళ్ళాను. డాక్టరు గారే వెళ్ళమన్నారు. పదకొండూ నలభైకి వచ్చాను. అప్పటికి టీచరమ్మ లేదు."

"ఎప్పుడూ అలాగే పంపిస్తారా?"

జెల్లీ అక్క నేల చూపులు చూసింది. "ఏడో నెల దాటిన వాళ్ళని ఆయనే చూస్తారు. అంతకు ముందువి నావి."

"ఆ వెనక తలుపు ఎక్కడికి?"

"మెట్లు. పైన డాక్టరు గారిల్లు. భార్యాపిల్లలు ఊళ్ళో లేరు. ఆ తలుపెప్పుడూ తీసే ఉండేది. సోమవారం నుంచి అవతల గడియ పెట్టి ఉంది."

గడియారమ్మ రాసుకుంది. "ఈ మెషీను ఎప్పుడెప్పుడు బొమ్మలు తీసిందో దానికి గుర్తుంటుందా?"

"సెకన్లతో సహా."

జెల్లీ అక్క సోమవారం జాబితా తెరిచింది. పదకొండూ ఐదుకు ఒక బొమ్మ. దాని తర్వాతది పదకొండూ నలభై మూడుకు, అది ఆమె తిరిగొచ్చాక తీసింది. మధ్యలో ముప్పై ఎనిమిది నిమిషాలు ఏమీ లేదు.

"మరి ఈ రిపోర్టులో తల వెడల్పు, తొడ ఎముక పొడవు, ఇన్ని అంకెలు ఎక్కడి నుంచొచ్చాయి?"

జెల్లీ అక్క జాబితా మూసేసింది. అంతలో తలుపు తోసుకుని ఒకావిడ ఆయాసపడుతూ వచ్చింది. తోపుడు బండి మీద కూరగాయలమ్మే ఆవిడ, తొమ్మిదో నెల. "ఎంతసేపమ్మా ఇంకా? బండి దగ్గర మా ఆయన్ని పెట్టొచ్చాను. బేరమాడేవాళ్ళు కనబడితే ఆ మనిషి సగానికి సగం ఇచ్చేస్తాడు!"

డాక్టరు గారు పోలీసులతో ఉన్నారు. జెల్లీ అక్క ఒక్క క్షణం ఆలోచించి, మంచం మీద పడుకోమంది. గడియారమ్మ బయటికి వెళ్ళబోయింది.

"ఉండండమ్మా," అంది కూరగాయలావిడ. "మీరూ చూడండి. పోయినసారి నాకే సరిగ్గా చూపించలేదు. టకటకమని గుండె వినిపించి పంపేశారు."

జెల్లీ అక్క చేతిలోని ప్రోబ్ పొట్ట మీద ఆనింది. తెర మీద బూడిదరంగు అలలు కదిలాయి. గడియారమ్మకు మొదట ఏమీ తెలియలేదు. వాన పడుతున్న అద్దం వెనక ఏదో ఉన్నట్టుంది, అంతే.

"ఈ నెలలో బిడ్డ మొత్తం తెరలో పట్టదమ్మా. పెద్దదైపోయింది కదా. కొంచెం కొంచెంగా చూసుకుంటూ పోవాలి. ఇదిగో వెన్ను. ఇది కన్ను. అక్కడే చూస్తూ ఉండండి."

చిన్న నల్లని గుండ్రం. దాని మీదికి సన్నని తెల్లగీత దిగింది, మళ్ళీ లేచింది.

"రెప్ప వేసింది," అంది జెల్లీ అక్క.

గడియారమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"జుట్టు చూశారా? ఉమ్మనీళ్ళలో ఎలా ఊగుతోందో. ఇప్పుడు ఛాతీ చూడండి. పైకీ కిందికీ. ఊపిరి తీయడం నేర్చుకుంటోంది."

"లోపల గాలెక్కడుంది?"

"లేదు. ఉమ్మనీళ్ళతోనే. బయటికొచ్చాక కావాలని ఎవరు చెప్పారో, ఇప్పటి నుంచే సాధన."

తర్వాత గుండె వచ్చింది. నాలుగు గదులు. మధ్యలో రెండు తలుపులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. గడియారమ్మ తన జీవితంలో కొన్ని వేల గడియారాలు విప్పింది. ప్రతిదానికీ ఎవరో ఒకరు కీ ఇవ్వాల్సిందే. ఇక్కడ కీ ఇచ్చిన చెయ్యి ఏదీ కనబడలేదు. అలవాటు కొద్దీ వాచీ చూసుకుంటూ లెక్కపెట్టింది. నిమిషానికి నూటనలభై రెండు. ఒక్కటీ తప్పు పోలేదు.

ఆమె ఇద్దరు పిల్లలూ ఇవన్నీ ఆమె కడుపులోనే చేశారు. రెప్పలు వేశారు, ఊపిరి నేర్చుకున్నారు. ఆ నెలల్లో ఆమె కొట్లో తలొంచుకుని స్ప్రింగులు బిగించుకుంటూ కూర్చుంది. ఒక్కటీ చూడలేదు. తన లోపలే ఇంత జరిగిందని ముప్పై ఏళ్ళ తర్వాత, ఎవరో కూరగాయలావిడ పొట్టలో చూసి తెలుసుకుంది.

"ఏంటమ్మా, నా బిడ్డని చూసి మీరేడుస్తున్నారు?" అంది కూరగాయలావిడ తలెత్తి.

"ఏడవడం లేదు. కళ్ళజోడు మసకేసింది."

"నాకూ మసకేసింది లెండి. నాకు కళ్ళజోడు లేదు," అంది ఆవిడ.

జెల్లీ అక్క ప్రోబ్ కిందికి జరిపింది. "ఇది బొడ్డుతాడు. అడ్డంగా కోసినట్టు కనబడుతోంది కదా. మూడు సున్నాలున్నాయి చూడండి. మూడు రక్తనాళాలు. ఇక ఇది మాయ, బిడ్డకు తిండి పంపేది. మంచి చోట ఉంది, పైన. దారికి అడ్డం లేదు." అంతా బాగుందని చెప్పి, జెల్లీ తుడిచి, ఆవిడను లేపి కూర్చోబెట్టింది.

ఆవిడ వెళ్ళాక గడియారమ్మ తలుపు దగ్గరికి వేసింది.

"మా టీచరమ్మ బిడ్డని నువ్వు చూశావా?" అంది.

"ఐదో నెలలో నేనే చూశాను." జెల్లీ అక్క కంప్యూటరులో ఆ బొమ్మ తెరిచింది. బొడ్డుతాడు కోత. ఒక పెద్ద సున్నా, ఒక చిన్న సున్నా. గడియారమ్మ భూతద్దం పెట్టి మరీ చూసింది. మూడోది లేదు.

"రెండే ఉన్నాయి."

"వందలో ఒకరికి అలా ఉంటుందమ్మా. చాలామంది పిల్లలు ఏ లోటూ లేకుండానే పుడతారు. కాకపోతే ఎదుగుదల కనిపెట్టుకుని ఉండాలి. ఇంకొకటి కూడా ఉంది. మాయ బాగా కింద ఉంది. ఎనిమిదో నెలలో తప్పకుండా మళ్ళీ చూడాలని రాశాను. మామూలుగా పైకి జరుగుతుంది. జరక్కపోతే బిడ్డ వచ్చే దారికి అడ్డంగా ఉండిపోతుంది. నొప్పులొస్తే తల్లి రక్తమంతా పోతుంది."

గడియారమ్మ సోమవారం రిపోర్టు ఆమె ముందు పెట్టింది. అందులో టైపు చేసి ఉంది: బొడ్డుతాడులో నాళాలు మూడు. మాయ పైన.

"మాయ జరుగుతుందన్నావు. సరే. రెండు నాళాలు మూడవుతాయా?"

"కావు," అంది జెల్లీ అక్క.

గడియారమ్మ టీచరమ్మ బడి సంచీ ఒళ్ళో బోర్లించింది. పోలీసులు అది చూసి, పరీక్ష పేపర్లే కదా అని వదిలేశారు. ఆమె ఒక్కొక్కటే తిరగేసింది. లెక్కలు, ఎర్ర టిక్కులు, మార్కులు. నలభై పేపర్ల కింద, పిన్ను కొట్టిన రెండు కాగితాలు దొరికాయి. రెండూ ఈ సెంటరు రిపోర్టులే, రెండూ ముప్పై రెండో వారానివి. ఒకటి టీచరమ్మది. రెండోది ఆమెతో పనిచేసే ఇంకో టీచరుది. తల వెడల్పు ఎనభై పాయింట్ ఏడు, ఇక్కడా అంతే. తొడ ఎముక అరవై ఒకటి పాయింట్ నాలుగు, ఇక్కడా అంతే. తొమ్మిది అంకెలూ చుక్కతో సహా ఒకటే. అన్నింటికీ ఎర్రసిరాతో సున్నాలు చుట్టి, అడుగున గుండ్రటి అక్షరాలతో ఒకే ఒక్క మాట రాసి ఉంది.

చూచిరాత.

జెల్లీ అక్క అది చదివి స్టూలు మీద కూలబడింది. "నాకు తెలుసమ్మా. మూడు నెలలుగా తెలుసు. జనం ఎక్కువయ్యారు. గుండె చప్పుడు వినిపించి, ఒక బొమ్మ చేతిలో పెట్టి పంపేస్తారు. రిపోర్టు పాతదాంట్లోంచి దించేస్తారు. అడిగితే, నువ్వు డాక్టరువా అన్నారు. నోరు మూసుకున్నాను."

"టీచరమ్మ మూసుకోలేదు," అంది గడియారమ్మ. "ఆదివారం గొడవ కూడా ఇదే అయ్యుంటుంది. డాక్టరుతో పెట్టుకోకు అని మొగుడు, అడిగి తీరతానని ఆవిడ."

పన్నెండింటికి ఆమె ఆ కాగితాలు తీసుకెళ్ళి డాక్టరు గారి బల్ల మీద పరిచింది. ఆయన ముఖంలో రంగు మారలేదు. చేతులు మాత్రం బల్ల కిందికి పోయాయి.

"టైపింగులో పొరపాటు," అన్నారు. "సోమవారం బొమ్మలా? మెషీనులో చోటు లేక చెరిపేశాను."

"ముందువీ వెనకవీ ఉంచి, మధ్యలో ఆ ముప్పై ఎనిమిది నిమిషాలే చెరిపేశారా?"

"చాలమ్మా!" ఇన్‌స్పెక్టర్ లేచాడు. "పదేళ్ళుగా తెలిసిన మనిషి. మా ఇంట్లో ఇద్దరు పిల్లల్ని చూసింది ఈయనే. కాగితంలో అంకె తప్పు పడితే హంతకుడైపోతాడా?"

"హంతకుడని నేననలేదు. హత్య జరిగిందని మీరంటున్నారు. నేనడిగేదొక్కటే, పైన ఇల్లు వెతికారా?"

"పెద్దమనిషి ఇల్లు ఏమని వెతకను?"

"వెతకలేదన్నమాట."

డాక్టరు గారు లేచి నిలబడ్డారు. "నా షుగర్ మాత్ర టైమైంది. పది నిమిషాల్లో వస్తాను. తర్వాత మీ ఇష్టం వచ్చినవి అడగండి." మెల్లగా ముందు మెట్ల వైపు వెళ్ళారు. పన్నెండూ తొమ్మిది.

గడియారమ్మ తిరిగి స్కానింగ్ గదిలోకి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఆమె వెంటే వచ్చి గుమ్మంలో నిలబడి, మర్యాద గురించీ ఆధారాల గురించీ ఉపన్యాసం మొదలుపెట్టాడు. అతనింకా సగంలో ఉండగానే బల్ల మీది కంప్యూటరు టంగుమంది.

జెల్లీ అక్క అటు చూసి, మళ్ళీ మెషీను వైపు చూసింది. మెషీను ఆపేసి ఉంది.

"ఇదెక్కడి నుంచొచ్చింది?"

తెర మీద కొత్త బొమ్మ. పేరు లేదు. నంబరు లేదు. మూలన టైము మాత్రం ఉంది: పన్నెండూ పదిహేడు. గోడ గడియారంలో పన్నెండూ పద్దెనిమిది.

"చేతి మెషీను," అంది జెల్లీ అక్క గుసగుసగా. "చిన్నది, సంచీలో పట్టుకెళ్ళేది. రిపేరుకిచ్చానన్నారే సోమవారం!"

మళ్ళీ టంగుమంది. రెండో బొమ్మ. జెల్లీ అక్క తెర మీద వేలు పెట్టి చూపించింది. "తల కిందుంది. దాని కింద... అయ్యో. ఇదంతా మాయ. దారి మొత్తం మూసేసింది. ఇదిగో, ఇక్కడ తాడు అడ్డకోతలో పడింది చూడండి."

ఒక పెద్ద సున్నా. ఒక చిన్న సున్నా.

మూడోసారి వచ్చింది బొమ్మ కాదు, మూడు సెకన్ల వీడియో. నాలుగు గదుల గుండె. తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి, తెరుచుకుని మూసుకున్నాయి. జెల్లీ అక్క దాన్ని ఆగకుండా తిరిగేలా పెట్టింది. గుమ్మంలో ఉపన్యాసం ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. రెండు రోజులుగా ఊరంతా చచ్చిపోయిందనుకుంటున్న మనిషి లోపల, ఇంకా భూమ్మీద పడని ఒక ప్రాణం, ఒక నిమిషం కిందట, నేనున్నానని చెప్పింది. వాంగ్మూలం ఇవ్వడానికి దానికి నోరు కూడా అవసరం రాలేదు.

"ఈ బొమ్మలు ఎంత దూరం నుంచి రాగలవు?" అంది గడియారమ్మ.

"మన సెంటరు వైఫై మీదే వస్తాయి. తీసిన బొమ్మ తీసినట్టు ఇక్కడికి వచ్చేలా నేనే పెట్టాను, డాక్టరు గారికి తెలీదు. ఒకసారి మంచాన పడ్డ ముసలావిడ ఇంటికి తీసుకెళ్తే ఒక్కటీ రాలేదు. తిరిగొచ్చి గేటు లోపల అడుగుపెట్టాక అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి."

"అప్పుడు పాతవొచ్చాయి. ఇవి ఇప్పుడు తీసినవి."

ముగ్గురూ ఒకేసారి తలెత్తి పైకప్పు చూశారు.

అందరికన్నా ముందు పరిగెత్తింది ఇన్‌స్పెక్టరే. వెనక తలుపుకు అవతల ఉన్న గడియ అతని భుజం రెండోసారి తగలగానే ఊడిపోయింది. మెట్లు నిటారుగా ఉన్నాయి. నాలుగో మెట్టు అంచున తుడిచినా పోని గోధుమరంగు మరక ఉంది. పైన చివరి గది. కర్టెన్లు వేసి ఉన్నాయి. మంచం మీద టీచరమ్మ, తల పక్కకు వాలి ఉంది. బట్టలు తగిలించే కొక్కేనికి సెలైన్ సీసా వేలాడుతోంది. పక్కన స్టూలు మీద డాక్టరు గారు, చేతిలో ప్రోబ్. ఆయన లేవలేదు.

"నేను తొయ్యలేదు," అన్నారు. "పైకొచ్చి మాట్లాడుకుందామన్నాను. ఆమె తెచ్చిన ఆ కాగితాల జిరాక్సులు లాక్కోబోయాను. కాలు జారింది. రక్తం కనబడింది. ఆసుపత్రికి పంపిస్తే మాయ ఎక్కడుందో వాళ్ళు చూస్తారు. నా సంతకం చూస్తారు. తగ్గిపోతే పంపిద్దామనుకున్నాను. మత్తిచ్చి పడుకోబెట్టాను. నిన్న తగ్గింది. ఇవాళ మళ్ళీ..."

జెల్లీ అక్క ఆయన చేతిలోంచి ప్రోబ్ లాక్కుంది. దుప్పటి ఎత్తి చూసి, వెనక్కి తిరక్కుండానే అరిచింది: "అంబులెన్సు! లోపల చెయ్యి పెట్టి పరీక్ష చెయ్యొద్దని ఆసుపత్రివాళ్ళకి చెప్పండి. మాయ అడ్డముంది, తిన్నగా ఆపరేషనే అని చెప్పండి!"

టీచరమ్మ కళ్ళు సగం తెరిచింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "నేనడిగింది ఒక్కటే. నా బిడ్డని సరిగ్గా చూడమన్నాను."

"చూశామమ్మా," అంది గడియారమ్మ ఆమె చెయ్యి పట్టుకుని. "ముగ్గురం చూశాం. గుండె చక్కగా కొట్టుకుంటోంది. నీ మీద బెంగ పెట్టుకున్నట్టుంది, తొందరగా వచ్చేస్తానంటోంది."

టీచరమ్మ నవ్వబోయింది. కానీ గడియారమ్మ చెయ్యి వదల్లేదు. "నేనొక్కదాన్నే కాదు. ఇంకా ఎంతమందో... లెక్క తేల్చండి."

పన్నెండూ నలభై ఒకటికి అంబులెన్సు వెళ్ళింది. అత్తగారు కోడలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లాకప్‌లో ఉన్న మెకానిక్కును నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళమని ఇన్‌స్పెక్టర్ ఫోనులో చెప్పాడు. డాక్టరు గారిని జీపెక్కించి, జీపులో కూర్చోకుండా వెనక్కి వచ్చాడు.

జెల్లీ అక్క కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. వెతికే చోట రెండే అంకెలు కొట్టింది: ఎనభై పాయింట్ ఏడు, అరవై ఒకటి పాయింట్ నాలుగు. పేర్లు రావడం మొదలైంది. తెర నిండింది. కిందికి జరిపింది, మళ్ళీ నిండింది.

"నలభై మూడు," అంది.

"నలభై మూడు రిపోర్టులా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నలభై ముగ్గురు తల్లులు. ఒకే బిడ్డ." ఆమె జాబితాను మళ్ళీ పైకి జరిపింది. "మిగిలిన నలభై ఇద్దరు పిల్లల్ని ఏడో నెల దాటాక ఎవరూ చూడనేలేదు."

గడియారమ్మ కుర్చీ పక్కకు లాక్కుంది. "ఐదో నెలలో వీళ్ళని చూసింది నువ్వే కదా. మాయ కిందుందని ఎంతమందికి రాశావు?"

టీచరమ్మ కాక నలుగురు తేలారు. నలుగురికీ నెలలు నిండాయి. గడియారమ్మ ఫోను తీసింది. మొదటావిడ ఇంట్లో ఉంది, ఇరవై నిమిషాల్లో వస్తానంది. రెండో ఆవిడకు ఇంకో ఆసుపత్రిలో పది రోజుల కిందటే ఆపరేషనైంది, బిడ్డ ఏడుపు ఫోనులో వినిపించింది. మూడో ఆవిడ ఆఫీసులో ఉంది. భయపడింది గానీ బయల్దేరింది.

ఒకటీ ఇరవై ఆరుకు గడియారమ్మ ఫోనే మోగింది. అవతల టీచరమ్మ అత్తగారు, మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "ఏడ్చిందమ్మా! ఆపరేషను గది తలుపు వేసున్నా బయటికి వినబడింది! కోడలికి రక్తం ఎక్కిస్తున్నారు, గండం గడిచిందన్నారు. రెండు కిలోల రెండొందలంట. అన్నీ ఉన్నాయంట. నా కొడుకు ఆ చేతులు చూసి మాట్లాడడమే మానేశాడు. గోళ్ళు కూడా ఉన్నాయమ్మా, లోపలే పెరిగాయి, చూస్తివా!"

ఫోను పెట్టేశాక జెల్లీ అక్క చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. ఇన్‌స్పెక్టర్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గడియారమ్మ ఆగలేదు. నాలుగో నంబరు నొక్కింది.

చాలాసేపు మోగింది. ఎవరో ఎత్తారు. హారను మోత, ఇంజను రొద.

"ఎవరండీ? గట్టిగా చెప్పండి, బస్సులో ఉన్నా!"

"ఎక్కడికెళ్తున్నావమ్మా?"

"మా అమ్మావాళ్ళ ఊరికి. కానుపక్కడే కదా. ఇంకో నాలుగు గంటల దారి. ఇంతకీ మీరెవరు?"

"స్కానింగ్ సెంటరు నుంచి. తల్లీ, ఒక్కసారి డ్రైవరుకు ఫోనిస్తావా?"

"ఎందుకండీ? రిపోర్టులో అంతా బాగుందనే కదా రాసిచ్చారు..." ఆ గొంతు ఆగింది. ఇంజను రొద ఒక్కటే వినిపించింది. మళ్ళీ వచ్చినప్పుడు అది చిన్నపిల్ల గొంతులా ఉంది. "ఆంటీ. సీటు తడిగా ఉంది. నీళ్ళనుకున్నా. నీళ్ళు కాదు."

గడియారమ్మ లేచి నిలబడింది. ఇన్‌స్పెక్టర్ అప్పటికే వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకుని ఆమె ముఖంలోకి చూస్తున్నాడు.

"భయపడకు తల్లీ. ఎడమ పక్కకి తిరిగి పడుకో, లేవకు," అందామె. "టికెట్టు చేతిలో ఉందా? దాని మీద బస్సు నంబరు చదువు. ఒక్కో అంకే, నెమ్మదిగా."